రేనో గూళ్లు

ఫోను మోగేసరికి టెస్సా హాకలా బూట్లేసుకుని వంటింట్లో నిలబడుంది. ఆరేళ్లుగా అదే అలవాటు. ఆదివారం తప్ప రోజూ పొద్దున ఆరింటి నుంచి ఏడు దాకా బూట్లతోనే తిరగాలి. ఫోను మోగితే ఆ రోజు పనుంది. మోగకపోతే బూట్లు విప్పేసి మళ్లీ పడుకోవచ్చు, కానీ నిద్ర ఎవరికి పడుతుంది. శనివారం ఎలాగూ తనదే. మిగతా ఐదు రోజులూ, ఉత్తరాలు పంచే రూటుకి అసలు మనిషైన రేనో లాంపి ఆరోగ్యాన్ని బట్టి. ఆయన ఆరోగ్యమేమో గుండ్రాయిలా ఉంటుంది.

ఆ మంగళవారం ఆరూ ఇరవైకి మోగింది. పోస్ట్‌మాస్టర్ కొలీన్. నిన్న రేనో వాకిట్లో మంచు తీస్తూ జారిపడ్డాడట, తుంటి ఎముక విరిగిందట, ఆపరేషన్ కూడా అయిపోయిందట. ఈ వారమంతా రూటు నువ్వే తిప్పాలి, తర్వాత సంగతి తర్వాత చూద్దాం, అంది.

"అయ్యో," అంది టెస్సా. "పాపం," అని కూడా అంది. అంటూ తలెత్తితే స్టవ్ పక్కన వేలాడుతున్న స్టీలు గిన్నె అడుగున తన మొహం కనపడింది. నవ్వుతోంది. మంచు ఎక్కువై బడికి సెలవిచ్చారని తెలిసినప్పుడు పిల్లలు నవ్వే నవ్వు. ఫోను పెట్టేశాక కూడా అది వెంటనే పోలేదు. కాసేపు గిన్నెకి వీపు పెట్టి నిలబడింది.

మూడో నంబరు రూటంటే సరస్సు ఒడ్డంట యాభై ఎనిమిది మైళ్లు, ఇళ్ల ముందు రోడ్డు పక్కన నాలుగొందల పన్నెండు ఉత్తరాల డబ్బాలు. దానికి పర్మనెంటు మనిషి ఒక్కరే, ఆ మనిషి రాకపోతే వెళ్లడానికి రిలీఫ్ ఒక్కరే. ముందు సీట్లో మనిషి దిగితేనే వెనక మనిషి ఎక్కేది. ఈలోపు ఇంకో పూర్తి ఉద్యోగం చూసుకుందామంటే కుదరదు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లాలి కాబట్టి. టెస్సా దగ్గర ఒక ఎక్సెల్ షీటుంది. రేనో పుట్టినరోజు, చేరిన తేదీ, పూర్తి పెన్షన్ వచ్చే తేదీ అన్నీ అందులో ఉన్నాయి. ఆఖరి తేదీ దాటిపోయి నాలుగేళ్లయింది. ఆ గడి ఇంకా ఎర్రగానే ఉంది. కుడి దవడలో పన్నొకటి పుచ్చి రెండేళ్లయింది. పర్మనెంటు అయితే ఇన్సూరెన్స్ వస్తుంది, అప్పుడు చూపించుకోవచ్చని ఎడమవైపే నములుతోంది.

పోస్టాఫీసు వెనక గదిలో రేనో గూళ్లున్నాయి. మూడు వైపులా నిలువెత్తు ఇనప చట్రం, మధ్యలో మనిషి నిలబడేంత చోటు. ఒక్కో డబ్బాకి రెండు వేళ్ల వెడల్పు గూడు, గూడు కింద పేరు. ఉత్తరాలన్నీ పొద్దున్నే ఆ గూళ్లలో వరసగా పెట్టుకుని, అదే వరసలో కట్టలు కట్టుకుని బయల్దేరాలి. అయితే రేనో గూళ్లలో పేర్లు సగమే కనపడేవి. పేరు పైన ఆయన రాసి టేపుతో అంటించిన చీటీలుండేవి. పచ్చబడినవి, కొత్తవి, ఒకదాని మీద ఒకటి. టెస్సా గోటితో ఒక్కో చీటీ పైకెత్తి, కింద పేరు చూసి, ఉత్తరం దూర్చేది. ఎంత విసుగొచ్చినా వాటిని కదిలించకూడదు. పర్మనెంటు మనిషి గూళ్లని రిలీఫ్ ముట్టుకోకూడదని ఎక్కడా రాసిలేదు గానీ, అందరికీ తెలుసు. పక్కింటావిడ ఊరెళితే పిల్లికి పాలు పోయమని తాళమిస్తుంది గానీ, వంటింట్లో డబ్బాలు సర్దమని కాదు కదా.

తొమ్మిదిన్నరకి కారెక్కింది. సొంత కారే. స్టీరింగేమో ఎడమవైపు, డబ్బాలేమో రోడ్డుకి కుడివైపు, అందుకని కుడివైపు సీట్లో కూర్చుని, ఎడమ కాలు అటు చాపి బ్రేకు తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతూ, కుడి చేత్తో డబ్బాలు తెరిచి ఉత్తరాలు పెట్టాలి. మూడో గంటకి తుంటి లాగడం మొదలెట్టింది. తుంటి అన్న మాట మనసులోకి రాగానే పొద్దున్న గిన్నె గుర్తొచ్చింది.

ఊళ్లో కబురు ఉత్తరాల కంటే ముందే వెళ్లిపోయింది. ఆ చలిలో జనం డబ్బాల దగ్గర నిలబడి ఉన్నారు. రేనోకెలా ఉంది, ఎప్పుడొస్తాడు, ఇది కాస్త ఇచ్చెయ్. జామ్ సీసాలు, ఉన్ని మేజోళ్లు, యాలకుల రొట్టె, వెనక సీటు నిండిపోయింది. ఆరేళ్లలో టెస్సాకి ఒకే ఒక్క గుమ్మడికాయ వచ్చింది. అదీ గుమ్మడికాయలు చెక్కే హాలోవీన్ పండగ అయిపోయాక. గార్త్ ట్రెంబత్ అనే పొడుగాటి ముసలాయన కిటికీలోకి వంగి, వాడు లేకపోతే నాకు రోజు గడవదమ్మా, ఎప్పుడొస్తాడో నిజం చెప్పు, అన్నాడు.

"త్వరలోనే వచ్చేస్తారు," అంది టెస్సా. రాకూడదని కోరుకుంటూనే ఎంత చక్కగా అనేసిందో.

బుధవారం కొలీన్ కాఫీ కప్పుతో గూళ్ల దగ్గరికొచ్చింది. ఆరు నెలల దాకా కారు తోలకూడదన్నారట డాక్టర్లు. గ్రాండ్ రాపిడ్స్ నుంచి కూతురు కార్లా వచ్చిందట, ఇక చాల్లే నాన్నా రిటైరైపో అని చెవిలో ఊదుతోందట. శనివారం ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లే దారిలో కాగితాల మీద సంతకం పెట్టడానికి వస్తానన్నాడట.

"ఏ కాగితాలు?" అంది టెస్సా, కవరు మీంచి కళ్లు తియ్యకుండా.

"అరవై ఎనిమిదేళ్లు, తుంటిలో ఇనప కడ్డీ. ఏ కాగితాలో నన్నే అడగాలా నువ్వు?" కొలీన్ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పానని కాదు. రూటు ఖాళీ అని బోర్డు మీద నోటీసు పదిరోజులుంటుంది. నీకు పోటీ ఎవరున్నారు, ఆ గోడా?"

ఆ రోజు టెస్సా రూటంతా వేరే కళ్లతో చూసింది. ఈ మలుపు నాది. ఈ వంకర డబ్బా నాది, దీని కొయ్య సరిచేయించాలి. మధ్యాహ్నం కారాపి మాంసం కూరిన పేస్టీ తింటూ, అలవాటుగా ఎడమవైపే నములుతూ, దంతవైద్యుడి నంబరు వెతికి దాచుకుంది.

గురువారం రూటు నాలుగింటికే అయిపోయింది. కొలీన్ ముందు కౌంటర్లో ఉంది. టెస్సా సంచీలోంచి లేబుల్ ప్రింటర్ తీసింది. ఇంట్లో పప్పుల డబ్బాలకీ, చార్జర్లకీ, చివరికి ఆ ప్రింటర్‌కే లేబుల్ వేసుకున్న మనిషి. పేర్లన్నీ పోయిన ఏడాదే టైప్ చేసి పెట్టుకుంది, ఎందుకైనా మంచిదని.

మొదటి చీటీ పీకేటప్పుడు చెయ్యి ఆగింది. ఊడొచ్చాక తేలికైపోయింది.

పీకేముందు చదివింది. కొన్ని అర్థమయ్యేవే. "కుక్క మంచిదే. దాని యజమానితోనే జాగ్రత్త." "మందుల ప్యాకెట్ వస్తే డబ్బాలో పెట్టొద్దు, తలుపు కొట్టు." కొన్ని మరీ విచిత్రంగా ఉన్నాయి. "వంతెన దాటాక ఎడమ. కుడి కాదు." "ఎస్తర్. భర్త పోయాడు. ఆయనెలా ఉన్నాడని అడగొద్దు." ఆ చివరి ముక్క కింద రెండు గీతలు. గార్త్ గూటి మీద, "గార్త్. పొడుగు మనిషి, ఎర్ర టోపీ. పెళ్లిలో నా పక్కన నిలబడ్డాడు."

టెస్సాకి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. వంతెన దాటాక ఎడమని ఎవరికి పాఠం? శనివారాలు తిరిగే రిలీఫ్‌కే కదా. ఆరేళ్ల నుంచీ తిరుగుతున్నా ఆ రోడ్డు, కళ్లకి గంతలు కట్టినా వెళ్తా, ఎస్తర్ మొగుడు పోయాడని నాకు తెలీదనుకున్నాడా? ఆ మంటలో చేతులు ఇంకా వడిగా ఆడాయి. రెండొందల పైగా చీటీలు. టేపు జిగురు గోళ్ల సందుల్లో ఇరుక్కుంది. అన్నీ ఉండ చేసి కాగితాల బుట్టలో వేసింది. తెల్లటి లేబుళ్లు, నల్లటి అక్షరాలు, ఒకే సైజు, ఒకే వరస. వెనక్కి జరిగి చూస్తే కళ్లు చల్లబడ్డాయి. ఫోటో కూడా తీసుకుంది.

శుక్రవారం ఉత్తరాలు పెట్టడం అరగంట ముందే అయిపోయింది. ఎవరికైనా చెప్పుకోవాలనిపించేంత బాగుంది. కొలీన్ వచ్చి గూళ్ల ముందు ఆగింది. కప్పు ఎత్తింది గానీ తాగలేదు.

"రేనో పొద్దున ఫోన్ చేశాడు," అంది. "రిటైరవ్వడట. సెలవు పెడతాడట. ఆరు నెలలకి తిరిగొస్తాడట. కార్లా వెనకనుంచి అరుస్తూనే ఉంది, ఈయన వినడే. రేపొచ్చి సెలవు కాగితం మీదే సంతకం పెడతాడు."

టెస్సా కట్టకి రబ్బరు బ్యాండు వేస్తోంది. అది తెగి వేలికి తగిలింది.

"శుభ్రం చేశానంతే," అంది.

కొలీన్ గూళ్ల వైపు ఇంకోసారి చూసి లోపలికెళ్లిపోయింది. టెస్సా కాగితాల బుట్ట దగ్గరికి నడిచింది, పరిగెత్తకుండా, ఎవరూ చూడకపోయినా పరిగెత్తకుండా. బుట్ట ఖాళీ. శుక్రవారం ఏడింటికల్లా చెత్త లారీ వచ్చి తీసుకెళ్లిపోతుంది. ఆ సంగతి ఆమెకి ఆరేళ్లుగా తెలుసు.

ఆ రోజు దారంతా ఏం చెప్పాలో కూర్చుకుంటూ పోయింది. చీటీలు ఊడిపోతున్నాయి కాబట్టి. గూళ్లు తుడుద్దామని. కొలీన్ చెప్పిందని అందామా అని కూడా ఒక మైలు దూరం ఆలోచించింది, తర్వాత తన మీద తనకే రోత పుట్టింది. అన్నిటికంటే అడుగున ఇంకో మాట ఉంది. ఇంకో ఆరు నెలలు. ఆరు నెలల తర్వాత ఇంకెన్నేళ్లో. ఒక మనిషి కోలుకుని వస్తాడంటే ఏడుపొస్తోంది తనకి.

శనివారం ఎనిమిదింటికి రేనో వచ్చాడు. వాకర్ పట్టుకుని, అడుగుకో ఆయాసంతో. వెనకే కార్లా, కోటు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని. నిద్ర లేని మొహం. సోమవారం నేను స్కూల్లో ఉండాలి, రేపు మధ్యాహ్నం బయల్దేరాలి, ఈయనేమో ఒక్కణ్ణే ఉంటానంటాడు, అని కొలీన్‌తో చెప్తోంది. సెలవు కాగితం బల్ల మీద పెట్టుంది. రేనో పెన్ను తీసుకున్నాడు, మళ్లీ పెట్టేశాడు.

"ముందు ఒకసారి నా గూళ్లు చూసుకుంటా," అన్నాడు.

టెస్సా గూళ్ల మధ్యే నిలబడుంది. తప్పుకోవడానికి ఆ చట్రంలో చోటు లేదు. ముందు ఆమె బయటికొస్తేనే ఆయన లోపలికెళ్లాలి. వచ్చింది. ఆయన వెళ్లి నిలబడ్డాడు. ఒక వేలు తెల్ల లేబుళ్ల మీద నెమ్మదిగా, ఎడమ నుంచి కుడికి, పై వరసంతా నడిచింది.

"పాతవి ఊడిపోతుంటే..." అంది టెస్సా. తన గొంతు తనకే దొంగ గొంతులా వినపడింది.

"బాగున్నాయి. కళ్లజోడు లేకుండా కనపడుతున్నాయి." ఆయన ఇటు తిరగలేదు. "ఆ చీటీలు నీకోసమే రాశాలే అమ్మాయ్. నాకెందుకవి, నాకన్నీ తెలుసు కదా."

కోపంగా అన్నా బాగుండేది. చెవుల దాకా మండుతుంటే టెస్సా వెళ్లి కుర్చీ తెచ్చింది, తెల్ల టేపు చుట్ట, పెన్ను తెచ్చింది. చెప్పండి, మళ్లీ రాసుకుంటా, అన్నీ కాకపోయినా ముఖ్యమైనవి, అంది. కొలీన్ గడియారం వైపు చూసింది, ఉత్తరాల ట్రేల వైపు చూసింది, లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

రేనో కూర్చుని మొదలెట్టాడు. మొదటి గూడు వాళ్ల కుక్క గురించి, దాని తల్లి గురించి, దాని తల్లిని లారీ కొట్టిన రోజు గురించి చెప్పాడు. రెండో గూడాయన ఎవరొచ్చినా రాజకీయం ఎత్తుతాడు, కారాపొద్దు, నెమ్మదిగా కదుల్తూనే ఇచ్చెయ్, అన్నాడు. టెస్సా నవ్వింది, రాసుకుంది. ఎనిమిది గూళ్లు అలా గడిచాయి. తొమ్మిదో పేరు మీద వేలు ఆగింది.

"ట్రెంబత్," అని చదివాడు. ఆగి, మళ్లీ చదివాడు. "ట్రెంబత్."

ఆయన కళ్లు పేరు మీంచి పైకి లేచాయి. చీటీ ఉండాల్సిన చోట ఖాళీ ఇనుముంది. దాన్నే చూస్తున్నాడు. పక్క గూటికెళ్లి చూశాడు, అక్కడా ఇనుమే. మళ్లీ వెనక్కొచ్చాడు. రోడ్డు మీద దారి తప్పిన మనిషి బోర్డు కోసం వెతికినట్టు వెతుకుతున్నాడు. వంతెన దాటాక ఎడమ.

"ఇక్కడేం రాశానబ్బా..." అన్నాడు, సరదాగా అన్నట్టు.

కార్లా వెనకనుంచి నవ్వింది. నొప్పి మాత్రలు, నాలుగు రోజుల్నుంచీ ఇదే వరస, నిన్న నన్ను మా అత్త పేరుతో పిలిచాడు, మాత్రలు ఆపేస్తే సర్దుకుంటుందన్నారు, అంది. రేనో కూడా నవ్వాడు. ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వాడు.

టెస్సా చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. పచ్చబడిన టేపు గుర్తొచ్చింది. రెండు వేసవులు ఎండ తగిలితే గానీ టేపు అలా పచ్చబడదు. అప్పుడు ఏ మాత్రలూ లేవు. రోజూ పొద్దున ఆరింటికే ఈయన ఈ చట్రంలో నిలబడి, ఉత్తరాలు పెడుతూ ఒక్కో మనిషినీ చదువుకుని, బడి పిల్లాడు పరీక్షకి వెళ్లినట్టు రోడ్డెక్కేవాడు. ఆ పాఠం తనకి కాదు.

ఆమె వంగింది. కార్లాకి వినపడనంత మెల్లగా చెప్పింది. "గార్త్. పొడుగు మనిషి, ఎర్ర టోపీ. మీ పెళ్లిలో మీ పక్కన నిలబడ్డాడు."

రేనో గూళ్ల మీంచి కళ్లు తీసి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దుస్తులు మార్చుకుంటుంటే ఎవరో తలుపు తెరిచినప్పుడు చూసే చూపు. ముందు కళ్లు దించుకున్నది ఎవరో టెస్సాకి తెలీలేదు.

"అవును," అన్నాడు. "గార్త్." తర్వాత, "ఇక చాల్లే," అన్నాడు.

వాకర్ మీద లేచి బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడికి నాలుగడుగులే, చాలాసేపు పట్టింది. సెలవు కాగితాన్ని ఒక వేలితో పక్కకి జరిపాడు.

"ఆ రెండో కాగితం కూడా ఉందా, కొలీన్?"

కొలీన్ బయటికొచ్చి ఆయన మొహం చూసి, ఏమీ అడక్కుండా సొరుగు తెరిచింది. కార్లా, నాన్నా నిజంగానా, అని ఆయన భుజం పట్టుకుని వంగి బుగ్గ మీద ముద్దు పెట్టింది. రేనో సంతకం పెట్టాడు. పెద్దగా, గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. కొలీన్ నోటీసు తెచ్చి బోర్డుకి నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది. మూడో నంబరు రూటు, ఖాళీ. తేదీ. టెస్సా దాన్ని ఒకసారి చదివింది. ఆరేళ్లు ఈ కాగితం కోసమే బూట్లేసుకుని నిలబడింది. పీకిన ప్రతి చీటీతో దాన్ని తనే అచ్చు వేసుకుంది.

అభినందనలు, అంది కొలీన్, ఆమె వైపు చూడకుండా.

టెస్సా ట్రేలు కారులో పెడుతుంటే పక్క కారులో కార్లా తండ్రిని సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతోంది. ఆయన వైపు అద్దం దించే ఉంది. కార్లా మొహంలో బరువు దిగిన హాయి. ఇప్పుడు నిశ్చింతగా వెళ్తా రేపు, అంది టెస్సాతో. పక్కింటాయన రోజుకోసారి చూసి వెళ్తాడట, స్టవ్ దగ్గర కూర్చుని వండుకోవడానికి ఎత్తు స్టూలు కొన్నదట, డాక్టర్ సరేనంటే వేసవికల్లా కారు కూడా తోలొచ్చట.

మంచిది, జాగ్రత్తగా వెళ్లిరండి, అనేస్తే అయిపోతుంది. ఆ మాట నోటి చివర దాకా వచ్చింది. టెస్సా ట్రే కిందపెట్టింది.

"మాత్రలు కాదు," అంది.

"ఏంటి?"

"ఆయన మర్చిపోవడం. మాత్రల వల్ల కాదు. రెండేళ్ల పైనుంచే ఉంది. ఎవరెవరో, ఎటు తిరగాలో అన్నీ చీటీల మీద రాసుకుని గూళ్లకి అంటించుకున్నారు. అవి చూసుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు."

కార్లా మొహంలో హాయి ఒక్కసారిగా పోలేదు, అంచుల నుంచి మెల్లగా ఊడింది. "ఏ చీటీలు? లోపల నేను చూశాగా, ఏమీ లేవే."

"నేనే పీకేశా. గురువారం. ఆయన ఇక రారనుకుని." టెస్సా గోళ్ల సందుల్లో ఆ జిగురు నల్లగా ఇంకా ఉంది. చేతులు జేబుల్లో పెట్టుకోబోయి, పెట్టుకోలేదు. "పారేశా. లారీ తీసుకెళ్లిపోయింది. ఆ సీటు కోసం ఆరేళ్లుగా చూస్తున్నా. సీటునే చూశా."

కార్లా తిడుతుందనుకుంది టెస్సా, తిట్టాలనే నిలబడింది. కార్లా కారు తాళాలు పిడికిట్లో బిగించి, "ఎన్ని చీటీలు?" అంది.

"రెండొందలు దాటాయి."

"నీకు గుర్తున్నవి చెప్పు. అన్నీ చెప్పు."

టెస్సా చెప్పడం మొదలెట్టింది. తొమ్మిదిన్నర దాటింది, సరస్సు మీంచి గాలికి ట్రేలో ఉత్తరాల అంచులు టపటపలాడుతున్నాయి. ఎస్తర్ చీటీ చెప్పి, దాని కింద రెండు గీతలున్నాయని కూడా చెప్పింది. కారులో రేనో ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఇటు తిరగలేదు. కాసేపటికి తలుపు మీద బొత్తాం తడిమి, వెతికి, నొక్కాడు. ఆయన వైపు అద్దం నెమ్మదిగా పైకి లేచి మూసుకుంది.